కారం పులుపు మయోనైజ్ మండలి

ఒక పెద్ద అడవిలో, వాగు వంపు తిరిగే చోట, నూకాలమ్మ అనే తాబేలు ఉండేది. ఆమె వయసెంతో ఆమెకే తెలియదు. ఆమె చేతివంట సంగతి మాత్రం అడవంతా తెలుసు. అందులోనూ ఆమె ఇంట్లో చేసే కారంకారంగా, పుల్లపుల్లగా ఉండే మయోనైజ్ అంటే లొట్టలు వేయని జంతువు లేదు.

దాన్ని చేసే పద్ధతి, ఊళ్లో ఓ హోటలు కప్పు మీద కాపురమున్న గోరింక చెప్పింది. ఊళ్లోవాళ్లు మర తిప్పి చేస్తారట. నూకాలమ్మకి మర లేదు, ఓపిక ఉంది. పొదగడానికి పనికిరాని తాజా గుడ్లు అడవికోడి ఇస్తే, వాటి పచ్చసొన రాతి గిన్నెలో వేసేది. చిటికెడు ఉప్పు, కాస్త ఆవపిండి, రెండు వెల్లుల్లి రెబ్బలు నూరి కలిపేది. ఆ తర్వాత నువ్వులనూనె, ఆకు కొస నుంచి ఒక్కో చుక్క. చుక్క పడాలి, కలపాలి. అది సొనలో కలిసిపోయాకే ఇంకో చుక్క. అలా కలపగా కలపగా గిన్నెలోది వెన్నలా గట్టిపడేది. చివర్లో నిమ్మరసంలో నానబెట్టిన ఎండుమిర్చి ముద్ద వేసేది.

ఒక గిన్నెకి ఒక పూట పట్టేది. ఎవరైనా తొందరపెడితే, "అంత ఆగలేకపోతే పచ్చిమిరపకాయ కొరుక్కోండి నాయనా" అనేది.

ఒకరోజు ఆ అడవికి రాజైన సింహం కాల్చిన చేపను ఆ మయోనైజ్‌లో ముంచుకుని తిన్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంకో చేప తెమ్మన్నాడు.

"నూకాలమ్మా, పది రోజుల్లో పక్కడవి రాజు విందుకి వస్తున్నాడు. సరిహద్దు గొడవ తేల్చుకోవాలి. మాటలకన్నా ముందు ఆయన నోట్లో నీ వంట పడాలి. బాన నిండా కావాలి."

"ఇవాళే మొదలుపెడితే అయిపోతుంది దొరా" అంది నూకాలమ్మ.

పక్కనే ఉన్న కార్యదర్శి నక్క జంబుకరావు చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ప్రభూ, ఇంట్లో చేసుకునే వంటకాన్ని రాజవిందులో పెట్టడమా? రేపు ఏదైనా తేడా వస్తే బాధ్యత ఎవరిది? దీనికో మండలి ఉండాలి."

బాధ్యత అన్న మాట వింటే చాలు, సింహానికి నిద్ర ముంచుకొస్తుంది. "సరే, కానివ్వు" అని ఆవలించాడు.

సాయంత్రానికల్లా మండలి ఏర్పడింది. అధ్యక్షుడు అడవిదున్న, ఎందుకంటే ఆయన దేన్నీ కాదనడు. రుచుల నిపుణుడు ఎలుగుబంటి, ఎందుకంటే ఆయన దేన్నీ మిగల్చడు. మిగతా పదవులన్నీ జంబుకరావువే. నూకాలమ్మని సలహాదారుగా వేశారు.

"సలహాదారంటే ఏం చెయ్యాలి బాబూ?" అని అడిగింది ఆమె.

"అడిగినప్పుడు చెప్పాలి" అన్నాడు నక్క.

"అడక్కపోతే?"

"అడక్కుండా ఉంటేనే సలహాదారుకి గౌరవం నూకాలమ్మా."

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. మండలి అనుమతి లేకుండా ఇళ్లల్లో ఎవరూ మయోనైజ్ చేయరాదు. రెండు తోడేళ్లు వచ్చి నూకాలమ్మ రాతి గిన్నె, నూనె కుండ పట్టుకుపోయాయి. ఏళ్ల తరబడి కలిపీ కలిపీ అడుగు నున్నబడ్డ గిన్నె అది. అది ఉండే చోట నేల మీద గుండ్రటి గుర్తు మిగిలింది.

మండలి రోజూ కూర్చుంది. మొదటి రోజు ఒకరినొకరు పొగుడుకున్నారు. తర్వాత మూడు రోజులు, 'కారం పులుపు మయోనైజ్' అనాలా, 'పులుపు కారం మయోనైజ్' అనాలా అని తర్జనభర్జన పడ్డారు. ఎలుగుబంటి పూటకి నాలుగు గుడ్లు గుటకాయస్వాహా చేస్తూ, "తినకుండా నాణ్యత ఎలా తెలుస్తుంది?" అన్నాడు.

నూకాలమ్మ రోజూ పాక్కుంటూ వచ్చి, "బాబూ, రోజులు గడిచిపోతున్నాయి. నూనె చుక్కచుక్కగా పడాలి" అని మొత్తుకుంది. అధ్యక్షుడి ముందు చెప్పడమంటే దున్నపోతు మీద వాన కురిసినట్టే కదా! 'సలహాదారు హాజరయ్యారు' అని రాసుకున్నారు.

పదోరోజు పొద్దున్నే సరిహద్దులో డప్పులు వినిపించాయి. బానలో గుడ్డు సొనలు తప్ప ఏమీ లేవు. జంబుకరావు నూనె కుండ దగ్గరికి పరిగెత్తాడు.

"చుక్కచుక్కగా పోయడమేమిటి, పాతకాలపు చాదస్తం! కుండ ఎత్తి కుమ్మరించండి!" అని అరిచాడు.

ఎలుగుబంటి కుండెడు నూనె, మిర్చి ముద్ద ఒక్కసారిగా కుమ్మరించాడు. తోడేలు ఎడాపెడా తిప్పింది. కాసేపటికి పైన నూనె, అడుగున పసుపుపచ్చని పలుకులు, మధ్యలో మిర్చి ముద్ద.

"అయ్యో, విరిగిపోయింది" అంది నూకాలమ్మ.

"విరగలేదు, విస్తరించింది!" అన్నాడు నక్క. "ఆ మాట ఎవరూ రాసుకోకండి."

పక్కడవి రాజు ముసలి సింహం. మూతి మీద పాత గాటు, ముక్కు మీద కోపం. చేప ముంచి నోట్లో పెట్టుకున్నాడు. నూనె జూలు మీదుగా కారింది. మిర్చి ముద్ద గొంతుకి అడ్డంపడింది. దగ్గీ దగ్గీ చివరికి గర్జించాడు.

"ఇది విందా, పగ తీర్చుకోవడమా?"

ఆయన భటులు లేచి నిలబడ్డారు. మన సింహం నక్క వైపు చూశాడు.

"చేసింది నూకాలమ్మ ప్రభూ!" అన్నాడు జంబుకరావు తడుముకోకుండా. "మేం దూరం నుంచి చూశాం, అంతే."

అందరి కళ్లూ తాబేలు మీదికి తిరిగాయి. నూకాలమ్మకి నిజం చెప్పేయాలనిపించింది. కానీ రెండు సింహాలు కలియబడితే నలిగిపోయేది వాగు ఒడ్డున ఉండే చిన్న ప్రాణులే. కోపం దిగమింగి ముందుకొచ్చింది.

"ఒక్క గుడ్డు ఇప్పించండి దొరా, బాగుచేస్తాను."

మిగిలిన గుడ్లన్నీ ఎలుగుబంటి కడుపులో ఉన్నాయి. అప్పుడు అడవికోడి గొంతు సవరించుకుని, "మగవాళ్లంతా కాసేపు అటు తిరగండి" అంది.

ఇద్దరు రాజులూ అటు తిరిగారు.

ఆ వెచ్చటి గుడ్డు సొనని నూకాలమ్మ, తోడేళ్లు తెచ్చి మూల పడేసిన తన రాతి గిన్నెలో వేసింది. విరిగినదాన్ని అందులోకి ఆకు కొసతో చుక్కచుక్కగా వదిలింది. కలిపింది. మళ్లీ చుక్క. మళ్లీ కలిపింది. పొద్దు నడినెత్తికి వచ్చింది. తోచక రాజులిద్దరూ సరిహద్దు గురించి కబుర్లు మొదలుపెట్టారు. సగం గొడవ అక్కడే తేలిపోయింది. గిన్నె నిండేసరికి అందులోది వెన్నలా, అస్తమించే సూర్యుడి రంగులో నిలబడింది. నిమ్మకాయ పిండి ముందుకు జరిపింది.

ముసలి సింహం అనుమానంగా ముంచుకున్నాడు. ఒక చేప. రెండో చేప. ఆరో చేప అయ్యాక గిన్నె నాకి తలెత్తాడు.

"ఎవరిదయ్యా ఈ పనితనం?"

జంబుకరావు ఒక్క గెంతులో ముందుకొచ్చాడు. "నాదే మహాప్రభూ! ఇందాక తమరు చూసింది మా పద్ధతిలో మొదటి దశ. ఆవిడ చెయ్యి మాత్రం కలిపింది, బుర్రంతా నాది."

"భేష్! మిత్రమా, ఈ నక్కని నాకిచ్చెయ్యి" అన్నాడు ముసలి సింహం. "రోజూ పొద్దున్నే బానెడు చేసిపెడతాడు. కుదరని రోజున..." అంటూ నక్కని తోక నుంచి చెవుల దాకా ఓసారి చూసి, "ముంచుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా" అన్నాడు.

"అంతకన్నానా, తీసుకెళ్లండి" అన్నాడు మన సింహం.

జంబుకరావు తాబేలు కాళ్ల మీద పడ్డాడు. "నూకాలమ్మగారూ! తల్లీ! చేసింది మీరేనని ఒక్క మాట చెప్పండి!"

"మీ బుర్ర ముందు నా చెయ్యెంత బాబూ" అంది నూకాలమ్మ. తల డిప్పలోకి లాక్కుంది. డప్పులు వాగు దాటి వెళ్లిపోయేదాకా బయటపెట్టలేదు.

తర్వాత రాతి గిన్నెని వీపుకెత్తుకుని ఇంటిదారి పట్టింది. ఎవరూ ఆపలేదు.

నీతి: కష్టం మీది, పేరు ఇంకొకడిది అయితే బెంగపడకండి, ఒక్కోసారి ఆ పేరున్నవాణ్నే పిలిచి పని చెబుతారు.