పదకొండుమంది కెప్టెన్లు

ఫుట్‌బాల్ బంతిని జన్మలో కాలితో ముట్టుకోని దానియేలు, కంపెనీ నోటీసుబోర్డు మీద ‘గోల్‌కీపర్’ అన్న మాట పక్కన తన పేరు చూసి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

ఆ శనివారం పొద్దున అతను వేసుకున్న పథకం చాలా చిన్నది. డ్యూటీకి వెళ్ళేముందు పర్సనెల్ మేనేజరు ఫారూక్ గారికి ఫ్యామిలీ వీసా దరఖాస్తు ఇవ్వాలి. అది ఆయన బల్ల మీద పడిందని కళ్ళారా చూసుకోవాలి. తరవాత వెళ్ళి స్టోర్సు తాళం తియ్యాలి. మూడేళ్ళుగా దానియేలు దోహాకు దగ్గర్లోని మెసయీద్ కంపెనీ క్యాంపులో ఒక గదిలో నలుగురితో సర్దుకుంటున్నాడు. భార్య జాయ్స్ నరసాపురంలో ఉంది. ఆ కాగితం మీద ఫారూక్ సంతకం పడితే వచ్చే నెలలో ఆమె దోహాలో దిగుతుంది. ఆ ధైర్యంతోనే దోహాలోని ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో ఒక గదికి మాట కూడా ఇచ్చి వచ్చాడు.

నోటీసు ప్రకారం రెండు వారాల తరవాత వచ్చే శుక్రవారం, సాయంత్రం నమాజు కాగానే, కంపెనీ టెక్నికల్ కాలేజీ కుర్రాళ్ళతో సిబ్బంది జట్టు ఫుట్‌బాల్ ఆడుతుంది. సిబ్బంది జట్టులో పదకొండు పేర్లున్నాయి. బస్సు డ్రైవరు రామాంజులు, ఎలక్ట్రీషియను విన్సెంట్, మెకానిక్కు హమీదుద్దీన్... పదకొండుమందీ తెలుగువాళ్ళే. పొరపాటేదో జరిగిందనుకుని దానియేలు దరఖాస్తు జేబులో పెట్టుకుని ఆఫీసు మెట్లెక్కాడు.

ఫారూక్ సూడాన్ దేశస్థుడు, భారీ మనిషి. మనిషి ఎదురుగా వచ్చి నిలబడినా, ఫైలు తెరిచి చూసిగాని అతను వచ్చాడని నమ్మడు. దానియేలును చూడగానే ఫైలు తెప్పించి, అప్పుడు నవ్వాడు.

“మొన్న భోజనాల దగ్గర ప్రిన్సిపాల్‌కీ నాకూ మాట వచ్చింది. కాలేజీ ఫుట్‌బాల్‌కి ప్రతిభ ఒక్కటే చాలునంటాడు. పందొమ్మిదేళ్ళ కుర్రాళ్ళట, ఎవరూ నేర్పకుండానే ఆడతారట. అనుభవం లేని ప్రతిభకి బ్రేకులుండవన్నాను నేను. రెండు రోజులు కూర్చుని ఫైళ్ళన్నీ తిరగేశాను. ఏం దొరికిందో చూడు.”

ఫైలు ఇటు తిప్పాడు. అది బొంబాయి ఏజెంటు ఇచ్చిన అనుభవ సర్టిఫికెట్. సీలు వేసిన కవరులో ఇచ్చారు, దానియేలు అలాగే కంపెనీకి అందజేశాడు. లోపల ఏముందో చూడటం ఇదే మొదటిసారి. స్టోర్‌కీపరుగా ఆరేళ్ళ అనుభవమని పైన ఉంది. అసలుది రెండేళ్ళు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలియనిది దాని కింద ఉంది. ‘1980 నుంచి 1984 వరకు వీరు కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్‌గా ఉండి యూనివర్సిటీ కప్పు గెలిపించారు.’ ఆ నాలుగేళ్ళూ దానియేలు పదో తరగతి తప్పి, నరసాపురం ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోశాడు.

“పదకొండుమందికీ ఇదే ఉంది,” అన్నాడు ఫారూక్ మురిసిపోతూ. “ఒకే కాలేజీ, అవే నాలుగేళ్ళు, అందరూ కెప్టెన్లే. ఎంత పెద్దమనసున్న కాలేజీ.”

కింది పేరా అబద్ధమని చెబితే ఫారూక్ చూపు పై పేరాకు పాకుతుంది. ఆరేళ్ళు రెండేళ్ళవుతాయి. వీసా మాట అటుంచి, వారం తిరక్కుండా తనే నరసాపురంలో ఉంటాడు. దానియేలు “మోకాలు నొప్పండి,” అన్నాడు.

ఫారూక్ వెంటనే క్లినిక్కుకు ఫోను చేశాడు. అక్కడ రెండు మోకాళ్ళూ మడిచి చూసి, ఎక్స్‌రే తీసి, ఆటల్లో తగిలిన దెబ్బ ఒక్కటి కూడా లేదని రాసిచ్చారు. “నాలుగేళ్ళు ఆడి చిన్న గీత పడలేదు. అనుభవమంటే ఇదీ,” అని ఫారూక్ అప్పటికప్పుడు నోటీసు దిద్ది దానియేలును కెప్టెన్ చేశాడు. వీసా దరఖాస్తును పేపర్‌వెయిట్ కింద పెట్టి, “మ్యాచ్ అయ్యాక సంతకం. ఆట చూసి చేస్తాను,” అన్నాడు.

సాయంత్రం పదకొండుమంది కెప్టెన్లూ సంజీవరావు గదిలో చేరారు. సంజీవరావు పర్సనెల్ ఆఫీసులో టైపిస్టు. యాభై దాటిన మనిషి, గుడివాడ వైపువాడు. క్యాంపులో ఎవరికి ఏ కాగితం కావాలన్నా ఆయన దగ్గరికే వస్తారు. అందరూ మాస్టారంటారు. నోటీసు టైపు కొట్టిందీ ఆయనే.

“నేను చదివింది ఐదో తరగతి అబ్బా,” అన్నాడు రామాంజులు. “మా కడపలో కాలేజీ ముందర్నుంచి బస్సు తోలినా గానీ, గేటు లోపలికి పోలా. ఇట్లా రాసిన నాయాలెవుడో చెప్పండి, చేతులు ఇరగ్గొడతా.”

“ఏజెంటు అమర్నాథ్ పనే అయ్యుంటుంది. అడుగుదామంటే ఆడు బొంబాయిలో ఉన్నాడో లేడో,” అన్నాడు విన్సెంట్.

“ఇప్పుడు చేతులు విరగ్గొడితే ఏం లాభం రామాంజులూ,” అన్నాడు సంజీవరావు తలెత్తకుండా. “నిజం ఒప్పుకుంటే పదకొండుమందీ విమానం ఎక్కుతారు. ఆడండి. ఆడి ఓడిపోండి. ఓడిపోతే ఎవరూ ఏమీ అనరు.”

“ఓడిపోడానికి కూడా ఆట రావాలి కదండీ,” అన్నాడు దానియేలు.

మర్నాడు మధ్యాహ్నం మెస్సు దగ్గర లారీలోంచి క్యాబేజీలు దించుతున్నారు. బస్తా మూతి ఊడి ఒక క్యాబేజీ దొర్లుకుంటూ వచ్చింది. వంటింట్లో పనిచేసే రాజనర్సు చేతిలో రెండు గిన్నెలున్నాయి. అతను ఎడమ పాదంతో దాన్ని ఆపి, పైకి లేపి, మోకాలి మీద ఒకసారి ఆడించి, ఆరడుగుల దూరంలో ఉన్న గంపలోకి తన్నాడు. ఒక్క రేకు చెదరలేదు. దానియేలు అన్నం తినడం ఆపేశాడు.

“ఎక్కడ నేర్చుకున్నావయ్యా?”

“జగిత్యాల కాలేజీల ఆడిన అన్నా, రెండేండ్లు. జిల్లాకు గూడ ఆడిన. బాపు పోయినంక ఆట ఇడిసిపెట్టిన,” అన్నాడు రాజనర్సు. ఆ మాట చెప్పేటప్పుడు అతని కళ్ళు వేరే మనిషివి.

దానియేలు అతన్ని చేయి పట్టుకుని ఫారూక్ దగ్గరికి లాక్కుపోయాడు. ఫారూక్ ఫైలు తెప్పించాడు. అందులో ఒకే కాగితముంది. ‘కిచెన్ హెల్పర్’ అని తప్ప ఇంకేమీ లేదు. ఆయన చూపు ఆ కాగితం దాటి రాజనర్సు ముఖం దాకా రానేలేదు.

“ప్రతిభ ఉండొచ్చు. అది ప్రిన్సిపాల్ జట్టు సరుకు. నాది అనుభవమున్న జట్టు. ఇతనికి సర్టిఫికెట్ ఉందా?”

“మాఫీ సార్, లేదు,” అన్నాడు రాజనర్సు. బయటికి వచ్చాక దానియేలునే ఓదార్చాడు. “పోనీ అన్నా. నేను నేర్పుత గద.”

క్యాంపు వెనక ఇసుకలో మూడు రోజులు నేర్పాడు. హమీదుద్దీన్ తన్నితే బంతి కంటే బూటు దూరం పోయింది. రామాంజులు బంతిని వెనక్కి తన్నబోయి దాని మీద కూర్చున్నాడు. కెప్టెన్ దానియేలు బంతి వస్తుంటే కళ్ళు మూసుకుని యేసయ్యను తలుచుకున్నాడు. నాలుగో రోజు రాజనర్సు అందర్నీ కూర్చోబెట్టాడు.

“అన్నలూ, ఏమనుకోకుండ్రి. మీకు ఆట రాదు, రెండు వారాలల్ల అసలే రాదు. గానీ అనుభవమున్నోళ్ళ లెక్క నిలవడుడు నేర్పుత. ఉరకద్దు. ఉరికెటోడు పోరడు, నిలవడెటోడు సీనియర్. నడుము మీద చెయ్యి పెట్టుకోండ్రి. అప్పుడప్పుడు వేలు పెట్టి ఎటన్న చూపెట్టుండ్రి. బంతి కాలు కాడికొస్తె గీత అవుతలికి తన్ని, కావాల్నని తన్నినట్టు తల ఊపుండ్రి.”

మిగిలిన రోజులన్నీ వాళ్ళు నిలబడటం సాధన చేశారు.

శుక్రవారం వచ్చింది. కాలేజీ కుర్రాళ్ళు లేళ్ళలా మైదానంలోకి దూకారు. సిబ్బంది జట్టు నడిచి వచ్చి, నడుముల మీద చేతులు పెట్టుకుని నిలబడింది. మొదటి పది నిమిషాల్లోనే కుర్రాళ్ళకు అనుమానం పట్టుకుంది. ఎటు చూసినా దారి ఖాళీగా ఉంది, అడ్డం వచ్చేవాడు లేడు, పైగా అందరూ దేన్నో చూపిస్తున్నారు. ఇందులో ఏదో ఎత్తు ఉందనుకుని, ఖాళీ ఉన్న వైపు వెళ్ళడం మానేసి, మనిషి ఉన్నచోటికే బంతి తీసుకెళ్ళి పోగొట్టుకున్నారు. ఒక్క బంతి మాత్రం తూటాలా వచ్చి, వేలు చూపిస్తున్న దానియేలు ఛాతీకి తగిలి వెనక్కి పోయింది. దానియేలుకు ఊపిరాడలేదు గాని, చెప్పినట్టే తల ఊపాడు.

సగం ఆట ముగిసేసరికి ఎవరికీ గోలు లేదు. టెంటు కింద ఫారూక్ ప్రిన్సిపాల్ భుజం తట్టి, “చూశావా, మావాళ్ళు ఒక్క అడుగు వృథా చేయరు,” అన్నాడు. ప్రిన్సిపాల్ టీ చల్లారిపోయింది.

రెండో సగంలో కుర్రాళ్ళు ధైర్యం చేసి ఒక గోలు కొట్టారు. అదే సమయానికి రామాంజులు అనవసరంగా ఒకసారి పరుగెత్తి, పిక్క పట్టేసి, కుంటుతూ కంపెనీ బస్సు చాటుకు పోయి పడ్డాడు. నారింజ తొనల పళ్ళెం పట్టుకుని రాజనర్సు అక్కడే ఉన్నాడు. వెనకే వచ్చిన దానియేలు, రామాంజులు ఒంటి మీది ఏడో నెంబరు చొక్కా లాగి రాజనర్సు చేతిలో పెట్టాడు.

“నా ఫైలుల ఏం లేదు గదన్నా.”

“రామాంజులు ఫైల్లో ఉంది. యల్లా, తొందరగా తొడుక్కో.”

తరవాతి ఇరవై నిమిషాల్లో ఏం జరిగిందో దానియేలు సరిగ్గా చెప్పలేడు. గోలు ముందు నిలబడి, తను ఎందుకు వచ్చాడో కూడా మరిచిపోయి చూశాడు. రాజనర్సు పరుగెత్తుతుంటే బంతి అతని కాలి వేళ్ళలో ఒకటిలా ఉంది. అతను ఎవరి మీదికీ పోలేదు, ఎవర్నీ తొయ్యలేదు. ఎదుటివాడు ఎటు అడుగు వేస్తాడో అతనికి ముందే తెలుసు. ఆ అడుగు పడేలోపు దాటిపోయాడు. మొదటి గోలుకు కాలేజీ కుర్రాళ్ళు నోరు తెరిచారు. రెండో గోలుకు చప్పట్లు కొట్టారు. బస్సు చాటున బనీనుతో కూర్చుని, రామాంజులు కూడా ‘రామాంజులు’కు చప్పట్లు కొట్టాడు.

ఆట కాగానే ఫారూక్ జాబితా పట్టుకుని మైదానంలోకి దిగాడు. నెంబరు చూశాడు, కాగితం చూశాడు.

“ఏడు. రామాంజులు. బస్సు డ్రైవరు.”

రాజనర్సు దానియేలు వైపు చూశాడు. దానియేలు నోరు తెరిచాడు. అప్పుడే ఫారూక్ అతని వైపు తిరిగి, “కెప్టెన్, రేపు పొద్దున వచ్చి నీ వీసా కాగితం తీసుకుపో,” అన్నాడు. తెరిచిన నోరు అలాగే మూసుకుంది. రాజనర్సు “యస్ సార్,” అన్నాడు.

సోమవారం ఆర్డరు వచ్చింది. రామాంజులుకు బస్సు డ్యూటీ రద్దు. ఇకమీదట అతను టెక్నికల్ కాలేజీ ఫుట్‌బాల్ కోచ్, ఉండటానికి వేరే గది. అనుభవమే గొప్పదని ప్రిన్సిపాల్ కూడా ఒప్పుకుని సంతకం పెట్టాడు. అప్పటినుంచి రామాంజులు రోజూ మధ్యాహ్నం మెస్సు కిటికీ దగ్గర నిలబడి, “ఈ పొద్దు పిల్లోళ్ళకి ఏం చెప్పల్లబ్బా,” అని అడుగుతాడు. రాజనర్సు ఉల్లిపాయలు తరుగుతూనే చెబుతాడు. సాయంత్రం రామాంజులు ఈల ఊది అదే అప్పజెబుతాడు. ఆ రోజు ఆడిన మనిషి ఇతను కాదని కుర్రాళ్ళకు తెలుసు, పాఠం బాగుంది కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయలేదు. కుర్రాళ్ళు బాగుపడుతున్నారని ఫారూక్ అందరితో అంటున్నాడు.

దానియేలు జేబులో సంతకమైన కాగితముంది. నరసాపురానికి ఫోను చేస్తే జాయ్స్ ఏడ్చింది, అతనూ ఏడ్చాడు. కాని అన్నం దగ్గర రాజనర్సు గరిటె పట్టుకుని, “వదినె ఎప్పుడొస్తదన్నా? పప్పు ఇంకింత ఎయ్యన్నా?” అని అడిగినప్పుడు మాత్రం కంచం సగంలో వదిలి లేచిపోయాడు. ఒకరోజు కాదు, వారం రోజులు అలాగే లేచాడు. ఎనిమిదో రోజు అతను కంచం పట్టకుండానే సంజీవరావు ఆఫీసుకు వెళ్ళాడు. భోజనాల వేళ కాబట్టి ఆయన ఒక్కడే ఉన్నాడు.

“మాస్టారూ, నాకొక సర్టిఫికెట్ కొట్టిపెట్టండి. రాజనర్సు పేరున. జగిత్యాల కాలేజీ, రెండేళ్ళు ఫుట్‌బాల్, జిల్లా జట్టు. బొంబాయి నుంచి ఆలస్యంగా వచ్చిందని ఫారూక్‌కి నేను ఇస్తాను. రామాంజులు కూడా తప్పుకుంటానంటున్నాడు, నిద్ర పట్టట్లేదంట.”

“దొంగ సర్టిఫికెట్టా?”

“అందులో రాసేదంతా నిజమే కదండీ.”

సంజీవరావు టైపు మిషనులో కాగితం ఎక్కించాడు. రాజనర్సు పేరు కొట్టాడు. అక్కడితో ఆపి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“రామాంజులు చేతులు విరగ్గొడతానన్నది నావే, దానియేలూ. ఇక్కడికి రాకముందు బొంబాయిలో అమర్నాథ్ ఆఫీసు వెనక గదిలో మీ అందరి కాగితాలూ కొట్టింది నేనే. పేజీ నిండకపోతే అమర్నాథ్ సంతకం పెట్టేవాడు కాదు. అనుభవం చాలనివాడికల్లా కింద ఆ ఫుట్‌బాల్ పేరా కొట్టాను. పేరు తప్ప ఇంకేదీ మార్చడానికి ఓపిక లేకపోయింది. మీరెవరూ నా మొహం చూళ్ళేదు. రాజనర్సు చూశాడు. కిటికీ దగ్గరికొచ్చి, ‘సార్, నేను కాలేజీకి ఫుట్‌బాల్ ఆడిన, అదొక్కటి రాయుండ్రి’ అని బతిమాలాడు. నేను రాయలేదు. మెస్సులో మొదటిరోజే నన్ను గుర్తుపట్టాడు. ఇన్నాళ్ళూ అన్నం పెడుతున్నాడు, ఎవరితోనూ అనలేదు. ఆ బొంబాయి గదిలో మూడేళ్ళు కూర్చున్నాను. అంతమందిలో నిజం చెప్పింది అతనొక్కడే. నేను రుజువు అడిగింది కూడా అతన్నొక్కణ్ణే.”