లైటొక్కటి తక్కువైన ప్రయోగం

అణువులను చల్లబరిచి వెలిగించే ప్రయోగం మా ఊళ్లో పూర్తిగా విజయవంతమైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను.

1994 జనవరిలో రెంజల్ దగ్గరి మా బడికి హైదరాబాదు నుంచి రాజేశ్వర్ సారు వచ్చారు. నవీపేట్‌లో పుట్టి విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న మనిషి. ముందు వరుసలో సర్పంచ్ లింబాద్రి, కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన చెరుకు రైతుల పెద్ద చెన్నకేశవరావు గారు ఆసీనులయ్యారు. మా వాడ పెద్దలకు కిటికీ బయట స్థలం కేటాయించారు. అక్కడ గాలి బాగా వస్తుంది. మా అమ్మ శారమ్మ చేతిలో నేను రాసిన దరఖాస్తు ఉంది: మా వాడకు ఒక స్తంభం, ఒక లైటు. మార్చిలో నాకు పదో తరగతి పరీక్షలు.

సారు సైకిల్ ట్యూబు వాల్వు విప్పి, వచ్చే గాలికి సర్పంచ్ వేలు అడ్డం పెట్టించారు.

"సల్లగున్నది" అని సర్పంచ్ ధ్రువీకరించారు.

సన్నని రంధ్రంలోంచి గాలి లేని ఖాళీలోకి దూకిన వాయువు ఇంతకు ఎన్నో రెట్లు చల్లబడుతుందట. వేడి మీద ఉన్న బెంజీన్ లాంటి అణువులు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ గోల చేస్తాయి, ఏది ఏమిటో తేలదు. చల్లబడితే తాకకుండా విడివిడిగా ఉంటాయి. అప్పుడు వాటిమీద లేజర్ కాంతి వేస్తే, ప్రతిదీ తనదైన వెలుగు తిరిగి ఇస్తుంది.

"ఇందులో కొత్తేముందండీ? మేం వచ్చేనాటికే ఈ ఊళ్లో ఉందిగా" అన్నారు చెన్నకేశవరావు గారు.

సర్పంచ్ లేచి వివరించారు. "వాడ అలగ్, బాయి అలగ్, హోటల్ల గ్లాసు అలగ్. తాకుడు లేదు, గుద్దుకునుడు లేదు. మా తాతలు ఏ మిషిన్ లేకుంటనే చేసిండ్రు సార్."

సారు ఏదో చెప్పబోయారు. చప్పట్లలో వినపడలేదు.

కిటికీలోంచి అమ్మ అడిగింది. "ఇడగొట్టుడైంది, సల్లబెట్టుడైంది. మరి గా లైటెప్పుడేస్తరు సర్పంచ్ సాబ్?"

"ప్రయోగమంతా అక్కడే ఉంది" అన్నారు సారు. సర్పంచ్ దరఖాస్తు తీసుకుని, మడిచి, జేబులో భద్రపరిచారు.

ఫిబ్రవరిలో స్తంభం వచ్చింది. చెరుకు కాంటా దగ్గర పాతారు. చెరుక్కి పరీక్షలు లేకపోయినా తూకం ఉంటుంది కదా. నేను కందిలి ముందు చదివాను. ఫస్టు క్లాసులో పాసయ్యాను.

హోటల్ ముందు సన్మానం చేశారు. శాలువాను దూరం నుంచే, గురి తప్పకుండా వేశారు. విడిగా ఉంచినందువల్లే ఈ అమ్మాయి మెరిసిందని చెన్నకేశవరావు గారు ప్రకటించారు. సర్పంచ్ జేబులోంచి నా దరఖాస్తు తీశారు.

"లైటు లేకుంటనే గింత మెరిసినవ్. ఇంక లైటెందుకు బిడ్డా?"

"ఎనకాల ఇంక పోరగాండ్లు సదువుతుండ్రు గద" అంది అమ్మ.

"వాళ్లు గూడ మెరుస్తరు తియ్" అని, దరఖాస్తు మీద 'అవసరం లేదు' అని రాసి సంతకం పెట్టారు.

తర్వాత నాకు టీ ఇచ్చారు, మా వాడ వాళ్లకోసం చూరులో పెట్టే గ్లాసులో. టీ వేడిగా ఉంది. ఆ ఒక్క లోపం మినహా ప్రయోగం శాస్త్రప్రకారమే సాగుతోంది. మీ ఊళ్లో ఎంతవరకు వచ్చిందో తెలియజేయగలరు.