దివ్యాంగుల ర్యాంపు

మా మండలంలో దివ్యాంగుడన్నవాడు గుర్తింపు కార్డు లేకుండా నిద్రపోవడానికి వీల్లేదని వైకుంఠరావుగారు మైకులో ప్రకటించారు. ఆయన అధికార పార్టీ మండల నాయకులు. మధ్యలో మైకు కీచుమంటే, అది హర్షధ్వానమని పేపర్లో రాశారు.

"నమోదు కేంద్రం మేడ మీద ఉంది. పదకొండు మెట్లు! మన సోదరులు ఎలా ఎక్కుతారు? అందుకే ర్యాంపు శాంక్షన్ చేయించాను!"

మూడు చక్రాల బండిలో కూర్చున్న మా నూకయ్య ఈల వేశాడు. బారువ సముద్రం ఒడ్డున పడవ తన మీద పడి రెండు కాళ్లూ చచ్చుబడినవాడు. ఆ మేడ ఎక్కనిదే అతనికి కార్డు రాదు. కార్డు రానిదే పింఛను రాదు.

ర్యాంపంటే మా వైపు ఒకటే అర్థం. ఏట్లో లారీలకి ఇసుకెత్తే చోటు. కాబట్టి పదిహేను రోజులు తిరక్కుండానే ఏటి ఒడ్డున 'దివ్యాంగుల ర్యాంపు' అని బోర్డు లేచింది. లారీల సంఖ్య చెబితే మీరు నమ్మరు. మొదటి లారీ టెక్కలిలో టీ తాగుతుంటే ఆఖరిది ఇంకా ఏట్లోనే హారన్ కొడుతోంది. నెల తిరిగేసరికి ఏటి అడుగు కూడా ప్రజలకు అందుబాటులోకి వచ్చింది.

నూకయ్యకు అనుమానం వచ్చింది. "బాబూ, ర్యాంపు మెట్ల కాడ కదా కట్టాల?"

"మెట్ల కాడ ఇసక ఉంటాదేటిరా, పిచ్చోడా?" అన్నారు వైకుంఠరావుగారు, ఎంతో ఓర్పుగా.

ఇంతలో పై ఆఫీసు ఓ మెలిక పెట్టింది. దివ్యాంగుల ర్యాంపు దివ్యాంగుడి పేరు మీదే ఉండాలి, కార్డు నంబరు జతపరచాలి. అంతే! మర్నాడు పొద్దున్నే కంప్యూటరూ, కెమెరా, వేలిముద్రల మెషీనూ పదకొండు మెట్లూ దిగి నూకయ్య గుమ్మంలోకి వచ్చేశాయి.

"ఇవి దిగుతాయని నాకే తెల్దు మావా," అన్నాడు ఆపరేటరు ధనుంజయ, రొప్పుతూ.

వైకుంఠరావుగారు స్వయంగా నూకయ్య బొటనవేలు పట్టుకుని మెషీన్ మీద ఒకసారి, ఏదో కాయితం మీద ఒకసారి నొక్కించారు.

"ఈ కాయితం ఏటి బాబూ?"

"అదీ నీ కోసమే రా."

మెషీన్లు తిరిగి మేడెక్కాయి. వారంలో కార్డు వచ్చింది. పేపర్లో ఫొటో పడింది, వైకుంఠరావుగారిది.

నూకయ్య పింఛనుకు దరఖాస్తు పంపాడు. కబురు తెలుసుకుందామని బండి తోసుకుంటూ ఇద్దరం నమోదు కేంద్రం కిందికి వెళ్లాం. ధనుంజయ మేడ మీంచి వంగాడు.

"రిజెక్టయింది మావా! నీ నంబరు కొడితే ఇసక ర్యాంపు ఓనరని వత్తంది. ఓనర్లకి పింఛనేటి?"

నేను చెయ్యి కలిపి అభినందించాను. మా ఊళ్లో అంతటివాడు ఇంకోడు లేడు.

నూకయ్య మెట్లకేసి చూశాడు. "సర్లేరా అల్లుడా, ఓనర్నే. నా ఇసక ఓ నాలుగు లారీలు ఈ మెట్ల మీద పోయించు. బండి పైకి తోయించుకునొచ్చి, నాను ఓనర్ని కాదని సెప్తాను."

ధనుంజయ లోపలికెళ్లి, కంప్యూటరు చూసి, మళ్లీ వంగాడు.

"పోయిత్తాను మావా. లోడు బుకింగుకి ఓనరు వేలిముద్ర కావాలంట. ఒక్కపాలి పైకొచ్చి ఎయ్యి."