రికార్డుల్లో లేని కన్నం

ఆరువందల ఏళ్లుగా శత్రువుల్ని ఊళ్లోకి రానివ్వని కోటగోడ ఇంటర్నెట్‌ని కూడా విజయవంతంగా ఆపగలిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. మెరుపు వేగపు తీగ కోట ద్వారం దాకా వచ్చి ఆగింది. పురాతన కట్టడాల శాఖ నిబంధన ప్రకారం గోడకి చిటికెన వేలు పట్టేంత కన్నం కూడా పెట్టరాదు. పోనీ ద్వారంలోంచి లాగుదామంటే, దాని గాంభీర్యం దెబ్బతింటుంది. అందుచేత ప్రారంభోత్సవం గోడ బయటే ఘనంగా జరిగింది.

"నేటితో మన ఊరు ప్రపంచంలో కలిసిపోయింది!" అని చైర్మన్‌గారు బయట నిలబడి ప్రకటించారు. లోపలున్న ఊరు చప్పట్లు కొట్టింది.

ఆసుపత్రి నర్సుకు మాత్రం చేతులు రాలేదు. ఆసుపత్రికి డాక్టరు లేడు. బదులుగా ఒక తెర ఇచ్చారు. తీగ తగిలిస్తే నగరంలోని గుండె డాక్టరు అందులో కనిపిస్తాడట. మూడు నెలలుగా ఆమె దాని మీద తువాళ్లు ఆరేస్తోంది. పక్కింటి బాబాయి, రిటైరైన లెక్కల మాస్టారు, ఈమధ్య నాలుగడుగులు వేస్తే ఛాతీ పట్టుకుని నిలబడిపోతున్నాడు.

ఆమె శాఖ అధికారి దగ్గరికి వెళ్లింది. "తూర్పు వైపు మేకలు దూరే కన్నం ఉంది కదండీ. మావాళ్లే రాళ్లు పీక్కెళ్లి ఇళ్లకి మెట్లు కట్టుకున్నారు. అందులోంచి లాగితే సరిపోదూ?"

అధికారి రిజిస్టరు తిరగేశారు. "అలాంటి కన్నం మా రికార్డుల్లో లేదమ్మా."

"రోజూ మేకలు వెళ్తూనే ఉన్నాయండీ!"

"మేకలకి అనుమతి అక్కర్లేదు. మీకు కావాలి. లేని కన్నానికి నేనెలా ఇస్తాను?"

ఈ తర్కం గోడకన్నా గట్టిగా ఉంది.

మర్నాడు పొద్దున్నే బాబాయి ఆసుపత్రి గుమ్మంలో కూలబడ్డాడు. నర్సు ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి, పిన్నిని కాపలా ఉంచి, ఇంటర్నెట్ కంపెనీ లైన్‌మన్‌ని రెక్క పుచ్చుకుని లాక్కొచ్చింది.

"నా ఉద్యోగం ఊడుతుందక్కా!"

"నువ్వు బయటే ఉండి తీగ వదులు. లోపలికి నేను లాక్కుంటాను."

మోకాళ్లు గీరుకుపోతుంటే మేకల దారిన పాకుతూ లాక్కొచ్చింది. కాసేపటికి తెరలో డాక్టరు వెలిగాడు. గుండె గీతలు చూశాడు, మాత్ర పేరు చెప్పాడు, నాలుక కింద పెట్టించాడు. మధ్యాహ్నానికి బాబాయి లేచి కూర్చుని బల్ల గట్టిగా ఉందని విసుక్కున్నాడు. అది విని నర్సు గుండె కుదుటపడింది. వెనక్కి తిరిగి కళ్లు తుడుచుకుంది.

వారం తిరక్కుండా ఆ తీగే ఇంటింటికీ పాకింది. ఫోన్లలోకి ఇంటర్నెట్ వచ్చాక ఊరికి హఠాత్తుగా తన చరిత్ర మీద ప్రేమ పుట్టుకొచ్చింది. నర్సు కన్నంలోంచి పాకుతుండగా ఎవరో తీసిన ఫొటో అందరికీ అందింది. కోటకి కన్నం పెట్టిన ద్రోహిని శిక్షించాలన్న అర్జీ మీద గంటలో వెయ్యి సంతకాలు పడ్డాయి. గోడ రాళ్లతో కట్టుకున్న మెట్ల మీద కూర్చునే చాలామంది పెట్టారు. ఆ ఊరికి ఏనాడూ వేళకి రాని ప్రభుత్వ ఉత్తర్వు మెరుపు వేగంతో వచ్చింది: నర్సు సస్పెన్షన్.

తాళాలు అప్పగించి వస్తుంటే బాబాయి ఎదురయ్యాడు.

"మీరూ సంతకం పెట్టారట కదా బాబాయ్?"

"అందరూ పెడుతుంటే నేనొక్కణ్ణే మానేస్తే ఏం బాగుంటుందమ్మా? నీ మీద నాకేం కోపం?" అని ఆయన నొచ్చుకున్నాడు. కాస్త దగ్గరికి జరిగి, ఛాతీ నిమురుకుంటూ అడిగాడు: "ఇంతకీ, రేపు డాక్టరుగారిని తెరలోకి ఎవరు పిలుస్తారే?"