మాస్కు వెనక దగ్గు

"లోకంలో నేరస్థులు రెండు రకాలు. ఎలీషాకు దొరికినవాళ్లు, దొరకబోయేవాళ్లు."

సోమవారం పొద్దున్నే, మేడ్చల్‌లో స్కూలు యూనిఫాంలు కుట్టే ఒక చిన్న యూనిట్‌లో, బట్టలు కత్తిరించే బల్ల మీదికెక్కి ఎలీషా ఈ మాట ప్రకటించాడు. మొదటి రకం వాళ్లు ఇప్పటిదాకా ఒక్కరూ లేరన్న సంగతి మాత్రం ప్రకటించలేదు. గొప్పవాళ్లు చిన్న చిన్న వివరాల జోలికి పోరు.

ఎలీషా ఉద్యోగం మూటలు కట్టి ఆటోలకెక్కించడం. అది పొట్టకూటి కోసం. పరిశోధన మాత్రం పుట్టుకతో వచ్చిందని అతని నమ్మకం. ఆ మధ్య చర్చి బయట ఒక జత చెప్పులు పోతే మూడు ఆదివారాలు ప్రార్థన మానేసి నిఘా వేశాడు. నాలుగో ఆదివారం ఆ చెప్పులు అతని కాళ్లకే ఉన్నాయని పాస్టరుగారు కనిపెట్టారు. దొంగ తనను తప్పుదోవ పట్టించడానికి ఎంతకు తెగించాడో చూశారా అని ఎలీషా ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటాడు.

ఇలాంటివాడి నడుముకు టెంపరేచర్ గన్ ఎలా వచ్చిందో చెప్పాలి. కరోనా ఆంక్షలు సర్కారు ఎత్తేసింది. యూనిట్ ఓనరు శ్రీనివాసరావు ఎత్తలేదు. ఆంక్షలున్నన్నాళ్లూ అందరి తరఫునా భయపడటానికి సర్కారు ఉండేది, ఇప్పుడు ఆ పని కూడా ఆయనే చేసుకోవాల్సి వచ్చింది. కాబట్టి మిషన్ల మీద ఉన్న ఎనిమిది మంది ఆడవాళ్లకూ మాస్కు తప్పదు, మిషనుకూ మిషనుకూ మధ్య దూరం తప్పదు, గుమ్మంలో శానిటైజర్ తప్పదు. ఎవరైనా దగ్గితే రెండు వారాలు ఇంట్లో కూర్చోవాలి. ఇవన్నీ చూసుకోవడానికి జాగ్రత్తల ఇన్‌చార్జిగా ఎలీషాను వేశాడు. మిగతా అందరికీ పనుంది మరి.

ఆ గన్నును ఎలీషా బెల్టులో దోపుకుని తిరిగేవాడు. అది ఒకసారి గోడకు జ్వరమని, ఒకసారి శ్రీనివాసరావుకు ప్రాణం లేదని చూపించింది. అయినా దాని మీద అతనికి నమ్మకం పోలేదు.

శనివారం మధ్యాహ్నం కరెంటు పోయి మిషన్లన్నీ ఒక్కసారే ఆగినప్పుడు, ఆ నిశ్శబ్దంలో ఎవరో దగ్గారు. పొడి దగ్గు, గట్టి దగ్గు, రెండుసార్లు. అందరూ అందరి వైపూ చూశారు. పూర్వమైతే దగ్గినవాళ్లెవరో నోరు చూసి చెప్పొచ్చు. ఇప్పుడు చూద్దామంటే ఎనిమిది జతల కళ్లే ఉన్నాయి, ఎనిమిదీ అమాయకంగానే ఉన్నాయి. అద్దాల గదిలోంచి బయటికొచ్చిన శ్రీనివాసరావుకు ముచ్చెమటలు పోశాయి. శుక్రవారం నాడు అల్వాల్‌లోని ఒక స్కూలు తరఫున అశ్రిత మేడం వచ్చి ఇక్కడి జాగ్రత్తలన్నీ చూసి వెళ్తుంది. ఆమెకు నచ్చితే ఆ స్కూలు యూనిఫాంలన్నీ ఈ యూనిట్‌వే. ఆమె ముందు ఎవరైనా దగ్గారా, ఇక అంతే సంగతులు. ఆలోపు దగ్గిందెవరో తేల్చమని ఆయన ఎలీషాను పురమాయించాడు. సోమవారం బల్లెక్కింది అందుకే.

మొదటి ఎత్తుగడ అనాదిగా ఉన్నదే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటాడు కదా. దగ్గినవాళ్ల గొంతు మీద ఎర్రటి మచ్చ వస్తుందని డాక్టర్లు కనిపెట్టారని ఎలీషా గంభీరంగా చెప్పి అందరి చేతుల వైపూ చూశాడు. ఎనిమిది మందీ గొంతు తడుముకున్నారు. అద్దాల గదిలో శ్రీనివాసరావు తడుముకున్నాడు. కాసేపటికి ఎలీషా చెయ్యి కూడా తెలియకుండానే పైకి పోయింది.

రెండో ఎత్తుగడ మంగళవారం పొద్దున వేశాడు. దొంగలను వరుసలో నిలబెట్టి సాక్షితో గుర్తుపట్టించినట్టు దగ్గును కూడా గుర్తుపట్టవచ్చని అతనికి తట్టింది. అందరినీ గోడవారగా నిలబెట్టి ఒక్కొక్కరినీ దగ్గమన్నాడు. తాను కళ్లు మూసుకుని, చెవి వాళ్ల వైపు పెట్టి నిలబడ్డాడు. ఒక్కొక్కరూ దగ్గడం మొదలుపెట్టాక నవ్వు ఆపుకోలేక అందరూ కలిసి దగ్గారు. గుండీలు కుట్టే యాదవ్వకు చెవుడు. ఏం జరుగుతుందో తెలియక, అందరూ చేస్తున్నారు గదా అని తనూ మొదలుపెట్టింది. చుట్ట తాగే మనిషి, ఇక ఆపలేదు. అప్పుడే కారు దిగి లోపలికొచ్చిన శ్రీనివాసరావు ఈ సామూహిక దగ్గు విని గుమ్మంలోంచే వెనక్కి తిరిగి, కారెక్కి, అద్దాలు మూసుకుని మధ్యాహ్నం దాకా దిగలేదు.

ఇంత చేసినా నేరం మాత్రం ఆగలేదు. కరెంటు పోయినప్పుడల్లా దగ్గు వినిపిస్తూనే ఉంది. బుధవారం నాటికి ఎలీషా ఒక సంగతి పట్టాడు, అది నిజంగానే సంగతి. ప్రతిసారీ దగ్గు వెనక గోడ వైపు నుంచే వస్తోంది. వెనక గోడకు ఆనుకుని ఉన్నది ఒకటే మిషను. ఆ మిషను మీద కూర్చునేది రెబెక్కా.

ఇక్కడే కేసు ఎలీషా ఇంటిదాకా వచ్చింది. రెబెక్కా అతని భార్య హన్నాకు సొంత అక్క.

కానీ చట్టానికి వదినలుండరు. అతను గన్ను తీసి రెబెక్కా నుదుటికి గురిపెట్టాడు. ఉండాల్సినదాని కన్నా బాగా తక్కువ చూపించింది. నేరస్థుల రక్తం చల్లగా ఉంటుందని ఎక్కడో విన్నాడు, అదీ సరిపోయింది.

"గోడ అవుతల్నుంచి వస్తాంది మర్దీ. నేనెన్నిసార్లు జెప్పాలె?" అంది రెబెక్కా, చేతిలో పని ఆపకుండానే.

గోడ అవతల ఉన్నది తాళమేసిన రేకుల షెడ్డు. కరోనా కాలంలో కుట్టి, ఆంక్షలు ఎత్తేశాక ఎవరూ కొనక మిగిలిపోయిన గుడ్డ మాస్కుల మూటలు అందులో ఉన్నాయి. తాళంచెవి ఓనరు దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు.

"మాస్కులు దగ్గును ఆపుతాయి వదినా, అవే దగ్గవు," అన్నాడు ఎలీషా జాలిగా. ఈ మాట ఎంత బాగుందంటే, అంత మంచి మాట వచ్చాక ఇక గోడ అవతలికి వెళ్లి చూడవలసిన అవసరం అతనికి కనిపించలేదు.

గురువారం శ్రీనివాసరావు రెబెక్కాను పిలిచి, మేడం వచ్చేలోపే ఇంటికి వెళ్లిపోవాలని, రెండు వారాల తర్వాత చూద్దామని చెప్పాడు. చూడటానికి అప్పటికి ఏమీ మిగలదని అందరికీ తెలుసు. బడులు తెరిచే ఈ జూన్ నెలలోనే యూనిఫాంల పనంతా. నాగారం నుంచి ఒకామె మిషను ఖాళీ ఉందా అని రోజూ ఫోన్ చేస్తోంది. ఒకసారి ఆమె కూర్చుంటే ఇక లేవదు. కరోనా వచ్చి యూనిట్ మూతపడ్డప్పటి నుంచి దాదాపు రెండేళ్లు రెబెక్కా ఇంట్లోనే ఉంది. ఆ రెండేళ్లు ఎలా గడిచాయో తలచుకోవడానికి కూడా ఆమెకు ఇష్టం ఉండదు. మిషను మళ్లీ దొరికి ఇంకా రెండు నెలలైనా కాలేదు. రెబెక్కా తిరిగొచ్చి మిషను దగ్గర కూర్చుంది. చేతిలో ఉన్న చొక్కాకు కాలరు కుట్టడం పూర్తిచేసి లేచింది.

ఆ సాయంత్రం ఎలీషాకు అన్నం దొరికింది గాని కూర దొరకలేదు. హన్నా ఎదురుగా కూర్చుని అతను తినేదాకా చూసింది.

"మా అక్క దగ్గలే. దగ్గిందని జెప్పి దాని మిషన్ గుంజుకున్నవ్. దేవుడు జూస్తడు నిన్ను. దేవునికంటే ముందుగాల నేను జూస్త."

సాక్ష్యాలు ఆ విధంగా ఉన్నాయని ఎలీషా చెప్పబోయాడు. హన్నా కంచం తీసేసింది. అందులో ఇంకా అన్నం ఉంది.

శుక్రవారం అశ్రిత మేడం చెప్పిన టైముకన్నా ముందే వచ్చేసింది. తన సామాను తీసుకెళ్లడానికి వచ్చిన రెబెక్కా అప్పటికి ఇంకా కత్తెర, టేపు, టిఫిను డబ్బా సంచిలో సర్దుకుంటోంది. శ్రీనివాసరావు మేడానికి శానిటైజర్ పోశాడు, మిషన్ల మధ్య దూరం చూపించాడు, కిటికీలు చూపించాడు. మేడం తల ఊపింది. సంచి భుజానికేసుకుని రెబెక్కా వాళ్ల పక్కనుంచే గుమ్మం వైపు నడిచింది. ఆమె వెళ్తుంటే ఎలీషా చెయ్యి తెలియకుండానే మళ్లీ తన గొంతు తడిమింది. తానే దగ్గుతానేమోనని భయపడి ఊపిరి బిగబట్టాడు. గెలిచిన కేసు ఇలా ఉంటుందని అతను అనుకోలేదు.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. వెనక గోడ వైపు నుంచి దగ్గు వినిపించింది.

రెబెక్కా గుమ్మం దగ్గరుంది. దగ్గు ఆ చివర నుంచి వచ్చింది. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే సంగతి ఇది. ఎలీషా మాత్రం చిన్నపిల్లవాడు కాదు.

"చూశారా మేడం, ఏమి మాయ. గొంతును అక్కడ వదిలి, మనిషి ఇక్కడికొచ్చింది," అన్నాడు. గొంతు విసిరే విద్య గురించి వివరిస్తూ, ఆ విసిరిన గొంతును అక్కడికక్కడే పట్టేద్దామని గన్ను చేత పట్టుకుని వెనక గోడ వైపు ఉరికాడు.

దారిలో ఒక దారం రీలు పడుంది. దాన్ని అందరూ చూశారు, ఎలీషా తప్ప. కుడికాలు దాని మీద పడింది, కాలు ముందుకు పోయింది, మనిషి గాల్లోకి లేచాడు. వెనక గోడలో షెడ్డులోకి ఒక పాత చెక్క తలుపు ఉంది, ఎవరూ వాడరు. ఎలీషా కాలు నేరుగా దానికి తగిలింది. తలుపు గొళ్లెంతో సహా ఊడింది. ఎలీషా మాస్కుల మూటల మీదికి వెల్లకిలా పడ్డాడు.

చీకట్లో ఎదురుగా రెండు కళ్లు మెరిశాయి. అతను పడుకునే గన్ను గురిపెట్టాడు.

"చేతులెత్తు," అన్నాడు.

ఆ కళ్లవాళ్లు అతని ముఖం మీదే దగ్గారు.

ఎలీషా పెట్టిన కేకకు యాదవ్వ కూడా తలెత్తి చూసిందంటే అది ఎంత కేకో ఊహించుకోండి. ఊడిన తలుపులోంచి మొదట ఒక కొమ్ము, తర్వాత రెండో కొమ్ము, దాని వెనకే ఒక నల్లటి మేకపోతు బయటికొచ్చాయి. దాని మెడలో పసుపు తాడు. మూతికి నీలం మాస్కు, ముక్కు మీదుగా చక్కగా కట్టి ఉంది, కింది సగం మాత్రం తినేసింది. అది ఎనిమిది మందినీ దాటుకుని, మేడాన్ని దాటుకుని, తిన్నగా శ్రీనివాసరావు దగ్గరికి వెళ్లి ఆయన ప్యాంటుకు తల రుద్దింది.

ఇక దాచి లాభం లేదని శ్రీనివాసరావు అంతా ఒప్పుకున్నాడు. లాక్‌డౌన్ నాడు యూనిట్‌కు తాళమేస్తూ, మళ్లీ తెరుచుకుని అందరూ చల్లగా ఉంటే శామీర్‌పేట కట్ట మైసమ్మ తల్లికి మేకపోతును బలిస్తానని మొక్కుకున్నాడట. టీకా వేయించుకున్నాడు, మాస్కు పెట్టించాడు, మొక్కు ఒక్కటే బాకీ ఉండిపోయింది. అదీ జాగ్రత్తే కదా. పోయిన శనివారం మేకను కొన్నాడు. అల్వాల్‌లోని తన ఇంటికి తీసుకెళ్దామంటే ఆయన భార్య మాధవీలత గుడ్డునే గడప దాటనివ్వదు. వచ్చే ఆదివారం దాకా షెడ్డులో ఉంచి, అరవకుండా మూతికి మాస్కు కట్టాడు. కట్టినదాన్ని కట్టినట్టే అది తినేసేది. ఆయన మళ్లీ కొత్తది కట్టేవాడు.

"మేక దగ్గుతుందని నాకేం తెలుసు?" అన్నాడు చివరికి, బిక్కమొహం వేసి.

మేక మళ్లీ దగ్గింది. రెబెక్కా సంచి గుమ్మంలోనే దించి వెనక్కొచ్చింది. మేక దవడ పట్టుకుని నోరు తెరిపించి, నాలుక పక్కన వేలాడుతున్న కొసను పట్టుకుని మెల్లగా లాగింది. మాస్కు ఎలాస్టిక్ వచ్చింది, దానికి ముడిపడి ఇంకోటి వచ్చింది, ఇంకోటి వచ్చింది. అన్నీ వచ్చేశాక మేక ఒకసారి ఒళ్లు దులుపుకుని, హాయిగా అరిచింది. దగ్గు ఆగిపోయింది.

రెబెక్కా చేతులకు శానిటైజర్ పోసుకుని శ్రీనివాసరావు వైపు తిరిగింది.

"సారూ, దగ్గినోళ్లు రెండు వారాలు ఇంట్ల ఉండాలన్నరు గదా. ఇగ దీన్ని మీ ఇంటికి తోలుకపోండ్రి."

శ్రీనివాసరావు జేబులోంచి కారు తాళంచెవి తీశాడు. రూలు తనదే. అశ్రిత మేడం అప్పటిదాకా నవ్వు ఆపుకుని నిలబడింది. మేకకు కూడా మాస్కు పెట్టిన కంపెనీని తానెక్కడా చూడలేదని, బట్టలు ఇక్కడే కుట్టిస్తానని, కాకపోతే మేక దగ్గు ఆపిన ఈమే కాలర్లు కుట్టాలని చెప్పింది. ఎలాస్టిక్ తిన్న మేకనిస్తే అమ్మకు కోపమొస్తదని యాదవ్వ ఊరంతా వినపడేలా తీర్పిచ్చింది. మేక కారు వెనక సీట్లో కూర్చుని అల్వాల్ వెళ్లింది. అక్కడ మాధవీలత ఏమందో ఇంకో కథ, అది ఆయన మనకు చెప్పడు.

ఇంతలో ఎలీషా కుంటుకుంటూ షెడ్డులోంచి బయటపడ్డాడు. జుట్టు నిండా మాస్కులు. అయినా బల్ల దగ్గరికొచ్చి గొంతు సవరించుకున్నాడు. తనకు మొదటి నుంచీ మేక మీదే అనుమానమని, అసలు నేరస్థుణ్ని ఏమరుపాటులో ఉంచడానికే వదిన మీద నింద వేసినట్టు నటించానని మొదలుపెట్టాడు.

"మర్దీ," అంది రెబెక్కా.

అతను ఆగాడు.

"నన్ను పట్టిచ్చింది నీ తెలివి. మేకను పట్టిచ్చింది నీ కాలు. శాబాష్ అంటే దానికే అంట."

ఎలీషాకు నిజంగానే సిగ్గేసింది. పుట్టి బుద్ధెరిగాక అతనికిలా కావడం ఇదే మొదలు. తలెత్తకుండా కుంటుకుంటూ గుమ్మం దాకా వెళ్లి, రెబెక్కా సంచి తెచ్చి ఆమె మిషను పక్కన మేకుకు తగిలించాడు. తప్పయింది వదినా అన్నాడు, ఆమెకు మాత్రమే వినపడేలా.

కరెంటు వచ్చింది. రెబెక్కా సూదిలో దారం ఎక్కించి, కాలరు ముక్క మిషను పాదం కింద పెట్టి, అతని వైపు చూడకుండానే అంది.

"కూసో పో. ఆ కాలు మీద బరువెయ్యకు. నీల పనికొచ్చేది గదొక్కటే."