పసుపు నీళ్ళ సర్క్యులర్

"క్యాంపు నివాసులందరికీ ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, నేటి నుండి గదులను వంటింటి దినుసులతో మాత్రమే శుభ్రపరచవలెను. నిమ్మ, చింతపండు, పసుపు, వంటసోడా మినహా సమస్త రసాయనములు నిషిద్ధము!"

1996లో బహ్రెయిన్‌లోని సిత్రా లేబర్ క్యాంపు గోడ మీద వెలసిన శాసనమిది. రాసింది క్యాంపు గుమస్తా సత్యప్రసాద్. జన్మలో చీపురు పట్టలేదు కాబట్టే అంత ధాటిగా రాయగలిగాననీ, పట్టి ఉంటే మొదటి వాక్యంలోనే కలం ఆగిపోయేదనీ తర్వాత తనే ఒప్పుకున్నాడు.

ఆ వారమే గదులు సోదా చేసి పదకొండు బ్లీచింగ్ సీసాలు పట్టుకున్నాడు. పద్నాలుగో గది నర్సింలు అడ్డం తిరిగాడు.

"బాత్రూంల పాచి నిమ్మకాయతోని పోతదా సారూ? నువ్వే చెప్పు."

"మా ఇంట్లో పోతోందయ్యా! కావాలంటే వచ్చి చూసుకో!"

ఈ కోతలు క్యాంపు మేనేజరు భీమేశ్వరరావుగారి చెవిన పడ్డాయి. "శుక్రవారం మీ ఇంటికొస్తున్నానయ్యా. నర్సింలునీ తీసుకొస్తా, నేర్చుకుంటాడు" అన్నారు.

సత్యప్రసాద్ కాదనలేకపోయాడు. ఆయన సంతకం పెడితేనే భార్య సాయికుమారి వీసా పొడిగింపు. లేకపోతే నెలాఖరుకి ఆవిడ విమానం ఎక్కాల్సిందే. పెళ్ళయిన ఆరేళ్ళకి తుబ్లీలో కాపురం పెట్టారు పాపం, ఇంకా మూడు నెలలే!

శుక్రవారం అతిథులు వచ్చి కూర్చున్నారు. సత్యప్రసాద్ ప్యాంటు మడిచి, బకెట్టెడు వేడినీళ్ళలో పసుపు కలిపి, పైన వంటసోడా డబ్బా బోర్లించబోయాడు.

"ఏవండీ, పసుపులో సోడా వేస్తే పారాణి అయిపోద్దండీ!" అని సాయికుమారి గొణిగింది.

"సర్క్యులర్ రాసింది నువ్వా, నేనా?"

సోడా వేసేసి, బకెట్టు నేల మీద గుమ్మరించాడు. తెల్లటి టైల్స్ మీద ఎర్రటి నీళ్ళు పారాయి! కంగారులో వాటిలోనే అటూ ఇటూ నడిచాడు. హాలు నుంచి వంటింటి దాకా కొత్త పెళ్ళికూతురు తిరిగినట్టు అడుగులు పడ్డాయి.

"ఇది... మొదటి దశ సార్."

"మరి రెండోది?"

రెండోది సాయికుమారి తెచ్చింది. ఒళ్ళు మండిపోయి మంచం కింద నుంచి బ్లీచింగ్ సీసా లాగింది.

"గిది నాదే సారూ!" నర్సింలు ఎగిరి లేచాడు. "పద్నాలుగని నేనే రాసిన, సూడు!"

"ఇంకో పది ఉన్నాయి లోపల. సర్క్యులర్ వచ్చాక మేం కొనడం మానేశాం" అందా ఇల్లాలు, దాచకుండా.

భీమేశ్వరరావుగారు కలం తీశారు. "అమ్మా, నీ వీసాకి సంతకం పెడుతున్నా. ఈ ఇంట్లో నేల తుడవడం తెలిసిన మనిషి ఒకరుండాలి. సత్యప్రసాద్, బాత్రూంలన్నీ నీ పద్ధతిలో తళతళలాడేదాకా నీ మకాం పద్నాలుగో గది!"

ఆ ఉత్తర్వూ సత్యప్రసాదే రాసుకున్నాడు. 'ఇందుమూలముగా' దగ్గర కలం ఆగింది. భార్య తుబ్లీ ఇంట్లో ఉండిపోయింది, తను క్యాంపులో పడ్డాడు.

మర్నాడు డ్యూటీ దిగాక నర్సింలు బాత్రూం తలుపు తీసి, అరచెక్క నిమ్మకాయ సత్యప్రసాద్ చేతిలో పెట్టాడు.

"రుద్దు సారూ, యల్లా, జల్ది! పోతదని నువ్వే రాస్తివి గదా."