ఒక్క అక్షరం చెరువు

ఆ ఉదయం కళాకారిణికి రెండే పనులు. ఆర్ట్ గ్యాలరీ హాలులో తన చెరువును వెలిగించాలి, మామయ్య పంపే బోర్డు తగిలించాలి.

చెరువు మూడేళ్ళ కష్టం. నేల మీద కంప్యూటర్ వెలుగుతో చేసిన నీళ్ళవి. ఎవరైనా వేలితో తాకితే అలలు లేచి చేపలు దగ్గరికొస్తాయి. పావుగంట సేపు ఎవరూ పట్టించుకోకపోతే నీరింకి నేల నెర్రెలిస్తుంది. పదకొండింటికి కమిటీ వస్తుంది. నచ్చితే శాశ్వతంగా ఉంచుతారు, లేకపోతే సాయంత్రానికల్లా ఊడబీకమంటారు.

బోర్డు మాత్రం అమ్మ తమ్ముడి అభిమానం. ప్రింటింగ్ షాపు ఆయనదే. ఆమె వైర్ల మధ్య దూరి ఉండగా వాచ్‌మన్ దాన్ని గోడకు తగిలించి చదివాడు: "నీటిని తాగండి."

అతను చెరువు వైపు అనుమానంగా చూశాడు. బాధ్యత తెలిసిన మనిషి కనుక తన గదిలోని నీళ్ళ క్యాన్ మోసుకొచ్చి, స్టూలు మీద పెట్టి, పక్కన గ్లాసు ఉంచాడు.

ఆమె బయటికొచ్చేసరికి క్యాన్ ముందు పదిమంది వరస కట్టారు. చెరువు దగ్గర నరమానవుడు లేడు.

"కొంప ముంచావు మామయ్యా! బోర్డులో ఒక్క అక్షరం మార్చేశావు!" అంది ఫోన్‌లో.

"ఒక్క అక్షరానికి అంత గోలేంటమ్మా? ఏం వేయాలో చెప్పు, రాసుకుంటా."

"నీటిని తాగండి కాదు, తాకండి!"

"సరే. పది నిమిషాల్లో నీ దగ్గరుంటుంది."

చెప్పింది చెప్పినట్టు అచ్చేయడం మామయ్య వృత్తిధర్మం. ఆమె కమిటీకి ఎదురెళ్ళిన సమయంలో కొత్త బోర్డు గోడెక్కింది: "నీటిని తాగండి కాదు తాకండి."

"తాగకూడదట, తాకాలట," అంటూ వరసలో ఒకావిడ గ్లాసు దించి, క్యాన్‌ను రెండు వేళ్ళతో తాకింది. వెనకాయన రెండు చేతులతో నిమిరాడు. మిగతావాళ్ళూ అదే దారి పట్టారు.

కమిటీ పెద్దమనిషి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఎండి నెర్రెలిచ్చిన చెరువును చూసి ఆమె పరుగెత్తబోతే ఆయన చేయెత్తి ఆపాడు.

"చెరువు ఎండిపోతుంటే జనం క్యాన్‌ని నిమురుతున్నారు! మన బతుకంతా ఇక్కడ పెట్టేశావమ్మా!"

"అది కాదండీ, అసలు..."

"వివరించకు, పాడైపోతుంది. ఇది శాశ్వతంగా ఉండాల్సిందే. అయితే ఒక నియమం. శాశ్వత ప్రదర్శనల్ని ఎవరూ ముట్టుకోకూడదు. 'తాకవద్దు' అని బోర్డు పెట్టించు."

రొట్టె విరిగి నేతిలో పడిందనుకునే లోపే ఆ నెయ్యి కాస్తా నేలపాలైంది. తాకకపోతే నీరు రాదు. మూడేళ్ళ చెరువు ఇక శాశ్వతంగా ఎండు నేలే. మళ్ళీ ఫోన్ చేసింది.

"'తాకవద్దు', అంతే మామయ్యా. ఇంకే మాటా కలపకు."

"ఈసారి పొరపాటే ఉండదు, చూడు!"

మర్నాడు ఆమె వచ్చేసరికి గోడ మీద బోర్డు ఉంది: "తాగవద్దు." వాచ్‌మన్ అప్పటికే క్యాన్ ఖాళీ చేసేశాడు. దాన్ని ఇక ఎవరూ పట్టించుకోలేదు.

ఒక బామ్మ బోర్డును రెండుసార్లు చదివింది. "తాగొద్దన్నారు గానీ ముట్టుకోవద్దనలేదుగా!" అంటూ వంగి ఎండిన నేల మీద వేలు పెట్టింది. నెర్రెలు పూడి, నీళ్ళు ఊరి, చేపలన్నీ ఆమె వేలి చుట్టూ మూగాయి. జనమంతా చెరువు చుట్టూ చేరి చేతులు పెట్టేశారు. కళాకారిణికి సంతోషంతో కళ్ళు చెమర్చాయి.

వాచ్‌మన్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మేడం, బోర్డులో మళ్ళీ ఏదో తేడాగా ఉంది. మామయ్యగారికి ఫోన్ చేయమంటారా?"

ఆమె బోర్డును పైనుంచి కిందిదాకా శ్రద్ధగా చదివింది. తప్పేమీ కనిపించలేదు.